ఐమూల టైల్స్ కథ: మా హాల్లో రెండు బాక్సులు ఎందుకు తగ్గాయి?

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మన కాళ్ల కింద ఉండే నేల గురించి మాట్లాడుకుందాం. కారణం ఏంటంటే, ఈ మధ్య నేను చేసిన ఒక తప్పు.

నాన్న రిటైర్ అయ్యాక పీఎఫ్ డబ్బులతో సొంతూళ్లో ఇల్లు కట్టారు. హాల్లో టైల్స్ డైమండ్‌లా, అంటే ఐమూలగా వేయిద్దామని పట్టుబట్టింది నేనే. రీల్స్‌లో చూశాను కదా! లెక్క కూడా నేనే వేశాను. హాలు 16 బై 14, అంటే 224 చదరపు అడుగులు. టైలు 2 బై 2. మొత్తం 56 టైల్స్. బాక్సుకి 4. వేస్టేజీకి 5 శాతం కలిపి 15 బాక్సులు తెప్పించాను. మేస్త్రీ గారు చూసి, "ఐమూలకి ఇవి చాలవు బాబూ" అన్నారు. బీటెక్ చదివినవాడిని, వింటానా?

సరే, అది పక్కన పెట్టండి. ముందు అసలు ప్రశ్న. ఈ ఐమూల పిచ్చి ఎప్పటిది?

1660ల్లోకి వెళ్దాం. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊరు. అక్కడ యోహానెస్ వెర్మీర్ అనే చిత్రకారుడు. ఆయన గీసిన 'మ్యూజిక్ లెసన్' బొమ్మ గూగుల్ చేసి చూడండి. గది నేలంతా నలుపు తెలుపు రాళ్లు, ఐమూలగా. ఆ గీతలు మన చూపుని గది లోపలికి లాక్కెళ్తాయి. తమాషా ఏంటంటే, ఆ రోజుల్లో మామూలు డచ్ ఇళ్లలో పాలరాతి నేలలు చాలా అరుదు, ఎక్కువగా చెక్క నేలలే ఉండేవి అంటారు చరిత్రకారులు. అంటే బొమ్మలో ఉన్నది ఇంట్లో లేదు. అప్పటి ఇన్‌స్టాగ్రామ్ అన్నమాట! అదే కాలంలో డచ్ కంపెనీ వాళ్లు మన మచిలీపట్నంలో అద్దకం బట్టలు కొని ఓడలకెక్కిస్తున్నారు.

మరి మన నేలలు? మా తాతయ్య వాళ్లది మట్టి నేల, పేడతో అలికేవాళ్లు. కాస్త కలిగినవాళ్లకి సున్నంతో చేసిన గచ్చు. తర్వాత వచ్చాయి బండలు. కడప వైపు నాపరాళ్లు, తెలంగాణలో తాండూరు బండలు, పక్కనే కర్ణాటక నుంచి షాబాదు బండలు. వీటిని ఉలి, సుత్తితో చెక్కాలి. గోడ పక్కన వరుసంతా త్రికోణాలుగా చెక్కాలంటే ఎంత కూలి, ఎన్ని బండలు విరుగుతాయి? నేరుగా వేసుకోవడమే తెలివైన పని.

1922లో బొంబాయిలో సిధ్వా కుటుంబం భారత్ టైల్స్ మొదలుపెట్టింది. స్వదేశీ ఉద్యమం రోజులవి. రంగుల డిజైన్ల సిమెంట్ టైల్స్ ఇక్కడే చేయాలన్నది వాళ్ల పట్టుదల. ఆ తర్వాత మొజాయిక్, ఆ తర్వాత విట్రిఫైడ్. మట్టి, ఫెల్డ్‌స్పార్, సిలికా కలిపి గట్టిగా నొక్కి, సుమారు 1200 డిగ్రీల్లో కాలుస్తారు. నీళ్లు 0.5 శాతం కూడా పీల్చదు. గుజరాత్‌లోని మోర్బీ దీనికి పెద్ద కేంద్రం. టైలు సైజు పెరిగింది, చేతికి కరెంటు కట్టర్ వచ్చింది. దాంతో ఐమూల మన హాల్లోకి కూడా దిగింది.

ఇందులో అందం ఒక్కటే కాదు, పనికొచ్చే సంగతి కూడా ఉంది. మన గోడలు చాలా ఇళ్లలో మూలమట్టానికి రావు. టైల్స్ నేరుగా వేస్తే చివరి వరుస ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం అయ్యి వంకర బయటపడుతుంది. ఐమూలలో అంచులన్నీ త్రికోణాలే కాబట్టి ఆ వంకర కంటికి అంతగా ఆనదు. కాకపోతే ఖర్చు అక్కడే. 2 అడుగుల టైలు మూల నుంచి మూలకి దాదాపు 2 అడుగుల 10 అంగుళాలు. గోడల పక్కన ప్రతి టైలూ కోయాల్సిందే, మిగిలిన ముక్క ప్రతిసారీ ఇంకో చోట సరిపోదు. అందుకే 15 శాతం దాకా ఎక్కువ తీసుకోవాలి.

ఇప్పుడు అసలు సీన్. మేస్త్రీ గారు గది మధ్యలో రెండు దారాలు లాగారు. 3, 4, 5 అడుగుల కొలతతో మూలమట్టం సరిచూశారు. తర్వాత రెండు దారాల మీద 4 అడుగులు, 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తులూ కలుపుతూ ఇంకో దారం పట్టారు. "ఇది ఐదడుగుల ఎనిమిది అంగుళాలు రావాలి బాబూ, వస్తే మన ఐమూల కరెక్టే." నేను ఫోన్ తీసి రూట్ టూ కొట్టాను. 5.657 అడుగులు. అంటే 5 అడుగుల 7.9 అంగుళాలు. ఆయన ఏడో తరగతి మధ్యలో ఆపేశారట.

యజ్ఞవేదికలు కట్టడానికి రాసిన శుల్బసూత్రాల్లో ఉన్నదీ ఇదే పని. శుల్బం అంటేనే తాడు. క్రీస్తు పూర్వం 800-500 మధ్యవని పండితుల అంచనా వేసే బౌధాయన శుల్బసూత్రంలో చతురస్రం కర్ణానికి ఇచ్చిన లెక్క 577/408కి సమానం. ఐదు దశాంశ స్థానాల వరకు కరెక్ట్! తెలుగు నేల మీద ఎక్కువగా పాటించే ఆపస్తంబ శాఖ శుల్బసూత్రంలోనూ ఇదే లెక్క ఉంది. అయితే మేస్త్రీ గారు అవి చదవలేదు. వాళ్ల మేనమామ దగ్గర తాపీ పట్టి నేర్చుకున్నారు. పుస్తకాల్లో నిలిచిన జ్ఞానానికి పేరుంది, చేతుల్లో నిలిచినదానికి లేదు. అంతే తేడా.

సరే, టైల్స్ సంగతి? 15 శాతం లెక్కన 65 కావాలి, అంటే 17 బాక్సులు. రెండు తగ్గాయి. షాపుకెళ్తే ఆ బ్యాచ్ అయిపోయింది. కొత్త బ్యాచ్ రంగు కాస్త పాలిపోయినట్టు ఉంది. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. మేస్త్రీ గారే దారి చూపించారు. ఆ టైల్స్‌ని బీరువా వచ్చే మూలకి సర్దారు. అన్నీ పరిచి ఆరాక వేలితో ఒక్కో టైలూ కొట్టి విన్నారు. ఎక్కడా డొల్ల శబ్దం లేదు.

గృహప్రవేశం రోజు చుట్టాలంతా నేల మెచ్చుకుంటుంటే నాన్న, "ఈ పని మా మేస్త్రీది" అని ఆయన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని భోజనం చేశారు. బీరువా కింద ఏముందో మా ముగ్గురికే తెలుసు. ఇప్పుడు మీకు కూడా తెలిసింది!

మీ ఇంట్లో నేల ఏంటి? బండలా, మొజాయికా, టైల్సా? వేసింది ఎవరో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!