చూడి పశువులకు డెక్సా సూది: మోతాదు, జాగ్రత్తలు

పశువు మేత మానేసినా, జ్వరం వచ్చినా, కుంటుతున్నా చాలా ఊళ్ళలో ముందుగా వేసే సూది డెక్సామెథాసోన్. రైతులు డెక్సా అంటారు. ఇది స్టీరాయిడ్ మందు. ధర తక్కువ, వేసిన కొద్ది గంటల్లోనే పశువు లేచి మేత ముడుతుంది, కాబట్టి దీనిపై నమ్మకం ఎక్కువ. కానీ ఇది రోగక్రిములను చంపదు. వాపును, జ్వరాన్ని అణచిపెడుతుంది, దాంతోపాటు రోగనిరోధక శక్తినీ తగ్గిస్తుంది. గొంతువాపు వంటి జబ్బులో డెక్సా ఒక్కటే వేస్తే తగ్గినట్టే కనిపించి, లోపల ముదిరిపోతుంది. గాలికుంటు వచ్చిన పశువుకు దీని జోలికి పోవద్దు. టీకాలు వేయించే రోజుల్లోనూ వద్దు, టీకా సరిగా పనిచేయదు.

చూడి పశువులో ప్రమాదం

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. నెలలు నిండాక కడుపులోని దూడ శరీరంలో కార్టిసోల్ పెరుగుతుంది. ఈత మొదలవడానికి అదే సంకేతం. డెక్సా కూడా కార్టిసోల్ లాంటిదే. చూడి చివరి నెలల్లో వేస్తే రెండు మూడు రోజుల్లో పశువు ఈసుకుపోవచ్చు. మాయ పడక గర్భసంచిలో చీము చేరుతుంది, పాలు తగ్గుతాయి, తిరిగి ఎదకు రావడం ఆలస్యమవుతుంది.

మా మండలంలో ఒక రైతు తొమ్మిదో నెల చూడి గేదెకు జ్వరమని మందుల షాపులో అడిగి డెక్సా తెచ్చి వేయించాడు. జ్వరం ఆ రోజే తగ్గింది. మూడో రోజు దూడ పడిపోయింది. సూది వేసినవారు చూడిదా అని అడగలేదు, ఆయన చెప్పలేదు. అడగకపోయినా మీరే ముందుగా చెప్పండి. ఆవు సుమారు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు మోస్తుంది. కృత్రిమ గర్భధారణ చేయించిన తేదీ, లేదా దున్నతో దాటించిన తేదీ కొట్టం గోడ మీదైనా రాసి ఉంచితే ఎన్నో నెలో తడుముకోనక్కర్లేదు.

మోతాదు

పెద్ద ఆవుకు, గేదెకు సాధారణంగా 5 నుంచి 20 మిల్లీగ్రాములు. పొరపాటు జరిగేది మిల్లీగ్రాములను మిల్లీలీటర్లుగా లెక్కపెట్టడంలో. మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు ఉన్న సీసా అయితే 20 మిల్లీగ్రాములంటే 5 మిల్లీలీటర్లే. 20 మిల్లీలీటర్లు ఎక్కిస్తే నాలుగు రెట్లు పడినట్టు. సీసాపై ఎంత బలం రాసి ఉందో చూడకుండా సిరంజి నింపనివ్వకండి. దూడలకు, మేకలకు, గొర్రెలకు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. మెలోక్సికామ్ వంటి నొప్పి సూదితో కలిపి వేస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది.

అలాగని ఇది పనికిరాని మందు కాదు. ఒళ్ళంతా దద్దుర్లు లేచే అలర్జీలో, ఈనిన కొద్ది వారాలకు వచ్చే కీటోసిస్‌లో డాక్టర్లు వాడతారు. జబ్బేమిటో తేల్చుకున్నాక, రోగక్రిములు ఉంటే తగిన యాంటీబయాటిక్‌తో పాటు, ఒకటి రెండు రోజులు మాత్రమే వేస్తారు. వేసిన తర్వాత పాలు కొంత తగ్గడం మామూలే.

పాల విషయంలో సీసాపై రాసిన గడువు పాటించండి. గడువు రాసి లేకపోతే కనీసం 7 రోజులు పాలు కేంద్రానికి పోయవద్దు, మాంసానికైతే 28 రోజులు ఆగాలి. డాక్టరు అందుబాటులో లేకపోతే సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయండి, ఖర్చు ఉండదు. ఫోన్‌లో పశువు ఎన్నో నెల చూడిదో మొదటి మాటగా చెప్పండి.