జీపొచ్చింది

దుబాయ్ నుంచి వచ్చిన మా బావ కోరుట్లలో కొత్త థార్ కొన్నాడు. జగిత్యాల పక్క ఊళ్లో ఉండే అమ్మమ్మకు చూపిద్దామని తెచ్చాడు. ఆమె గడపలోనే నిలబడి, "గిది పోలీసోళ్ల జీపు లెక్కనే ఉన్నది గద బిడ్డా" అన్నది. బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆమె గుర్తుపట్టింది వంశాన్నే. ఈ థార్‌కి ముత్తాత విల్లీస్ ఎంబీ. 1941–45 మధ్య అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. 60 హార్స్‌పవర్ ఇంజను, ముందూ వెనకా కమాన్ కట్టలు, తలుపుల్లేవు, పైన గుడ్డ టాపు. యుద్ధం ముగిశాక, 1947లో, మహీంద్రా బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. క్రమంగా అవి సర్కారు ఆఫీసులకూ పోలీస్ స్టేషన్లకూ చేరాయి.

కల్లోలిత ప్రాంతాల చట్టానిదీ దాదాపు అదే వయసు. అది 1948లో మద్రాసులో పుట్టింది. అప్పటికి జగిత్యాల నిజాం రాజ్యంలో ఉంది. ముప్పై ఏళ్లకు జీపూ, చట్టమూ ఇక్కడ కలిశాయి. 1978 సెప్టెంబర్ 7న వేలమంది రైతుకూలీలు వెట్టికీ, దొరల పెత్తనానికీ ఎదురుతిరిగి జగిత్యాలలో ఊరేగారు. అదే జైత్రయాత్ర. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గుమిగూడినవాళ్లపై కాల్పులు జరిపే అధికారం సబ్‌ఇన్‌స్పెక్టర్ దాకా దిగింది. జీపు మోత వినబడితే చాలు, మగవాళ్లు చేన్లల్లకు ఉరికేవాళ్లని అమ్మమ్మ చెప్తుంది.

2020లో వచ్చిన థార్‌లో పెట్రోల్ ఇంజను 150 హార్స్‌పవర్. కమాన్ కట్టల జాగాలో కాయిల్ స్ప్రింగులు, పైన ఏసీ, ఎయిర్‌బ్యాగులు. అయినా బాడీ కూర్చున్నది పాత తరహా లాడర్ ఫ్రేమ్ మీదే. ఫోర్ వీల్ వేయడానికి గేర్ రాడ్ పక్కన ఇంకో రాడ్ అలాగే ఉంది. 2023 నుంచి వెనక చక్రాలకే శక్తి అందే థార్ కూడా అమ్ముతున్నారు. మా బావది అదే. అంటే జీపు చేసే పని పోయింది, జీపు రూపు మిగిలింది. మొన్న సిరిసిల్లలో ఓ పెళ్లి బరాత్‌కి అదే రూపు పూలు కట్టుకుని నిలబడింది.

పట్నంలో నా దోస్తులకు ఆ రూపంటే స్వేచ్ఛ. వాళ్లది అబద్ధమని అనను. కానీ అదే గుండ్రటి లైట్లు ఇక్కడ రాత్రిపూట ఇళ్ల గోడల మీద పడ్డాయి.

చాలాసేపు బతిమాలాక అమ్మమ్మ బండెక్కడానికి ఒప్పుకుంది. బావ ముందు సీటు మడిచి దారిచ్చాడు. ఆమె కదల్లేదు.

"వెనుక కూసోను బిడ్డా. ముంగటనే కూసుంట."