పురికొస ఉండ

గడ్డిమోపులు విప్పాక మిగిలే పురికొసని పారేయబుద్ధి కాక, కాన్సస్‌లోని కాకర్ సిటీలో ఫ్రాంక్ స్టోబర్ అనే రైతు 1953లో ఉండగా చుట్టడం మొదలుపెట్టాడు. 1961లో దాన్ని ఊరివాళ్ల చేతికి అప్పగించాడు, 1974లో పోయాడు. ఉండ మాత్రం ఆగలేదు. ఏటా ఆగస్టులో ఊరివాళ్లూ, చూడొచ్చినవాళ్లూ తలా కాస్త చుట్టిపోతారు.

మిన్నెసోటాలోని డార్విన్‌లో ఫ్రాన్సిస్ జాన్సన్ది ఇంకో ఉండ. 1950 నుంచి 29 ఏళ్లు ఒక్కడే చుట్టాడు: 17,400 పౌన్లు! ఇప్పుడది అద్దాల వెనక ఉంది, మా కోడర్ల భాషలో రీడ్ ఓన్లీ. ఆగస్టు జాతర అక్కడా ఉంది, చుట్టడమే లేదు.

ఏది గొప్పదన్న పోటీలో ఒంటిచేతి పని అన్నది డార్విన్ వాదన. న్యాయమే. అయినా నా ఓటు కాకర్ సిటీకే. సేకరించినవాడు పోగానే తూకానికి వెళ్లిపోయే పాత పత్రికలు మనకి తెలియనివా? అక్కడ స్టోబర్ చుట్టిన తాడు ఎక్కడికీ పోలేదు, అందరి తాళ్ల కింద లోపలెక్కడో ఉంది.