గ్రీన్ కార్డు (మోటారు బీమా)

గ్రీన్ కార్డు అనగానే తెలుగు ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది అమెరికా శాశ్వత నివాసం. యూరప్ రోడ్ల మీద ఆ మాటకు అర్థం వేరు. ఒక దేశంలో రిజిస్టరైన బండిని మరో దేశంలో నడిపేటప్పుడు, ఆ రెండో దేశపు చట్టం కోరినంత థర్డ్ పార్టీ బీమా ఆ బండికి ఉందని చూపే ధ్రువపత్రమే అక్కడి గ్రీన్ కార్డు. పూర్తి పేరు అంతర్జాతీయ మోటారు బీమా కార్డు. నలభైకి పైగా దేశాలు ఈ ఏర్పాటులో ఉన్నాయి. యూరప్‌తో పాటు మొరాకో, ట్యునీషియా, తుర్కియే, ఇజ్రాయెల్, ఇరాన్ కూడా అందులోనివే. భారత్ లేదు.

పుట్టుక

మోటారు బీమా చట్టం ఏ దేశానిది ఆ దేశానికే. ఒక దేశంలో బీమా లేకుండా బండి తీయడం నేరమైతే, పొరుగు దేశంలో అదే నేరానికి కొలతలు వేరు, పరిహారం లెక్కలు వేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యూరప్‌లో సరిహద్దులు దాటే కార్లు పెరగడంతో ప్రతి చెక్‌పోస్టు దగ్గరా కొత్త పాలసీ కొనుక్కోవలసిన అవస్థ వచ్చింది. 1949 జనవరి 25న ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘానికి చెందిన రోడ్డు రవాణా ఉపసంఘం దీనికో దారి సూచించింది. ఆ ఏడాదే లండన్‌లో ఆయా దేశాల బీమా బ్యూరోల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ బ్యూరోస్ ఏర్పడింది. కార్డు మాత్రం 1953 జనవరి 1న వాడకంలోకి వచ్చింది. కౌన్సిల్ కార్యాలయం ఇప్పుడు బ్రస్సెల్స్‌లో ఉంది.

మొదటి నుంచీ ఆకుపచ్చ కాగితం మీద అచ్చువేసినందుకు ఆ పేరు నిలిచింది. 2020 జూలై 1 నుంచి తెల్ల కాగితం మీద నల్ల సిరాతో ముద్రించుకునే వీలు కల్పించారు. పచ్చదనం పోయినా పేరు పోలేదు.

పనిచేసే తీరు

ప్రతి సభ్యదేశంలోనూ అక్కడి బీమా కంపెనీలన్నీ కలిసి నడిపే ఒక జాతీయ బ్యూరో ఉంటుంది. దానివి రెండు పనులు. తన దేశపు బండి పరాయి దేశంలో చేసిన నష్టానికి హామీ ఉండడం ఒకటి. పరాయి బండి తన దేశంలో చేసిన నష్టం క్లెయిమును పరిష్కరించడం రెండోది.

ఉదాహరణకు, ఫ్రాంక్‌ఫర్ట్ నంబరున్న కారు బల్గేరియా దాటి తుర్కియేలోని ఎదిర్నే ఊళ్లో ఒక స్కూటరును గుద్దిందనుకుందాం. కాలు విరిగిన స్కూటరు మనిషికి జర్మన్ రానక్కరలేదు, జర్మనీలో వకీలును వెతుక్కోనక్కరలేదు. కారు నంబరు, కార్డు వివరాలు పట్టుకుని తుర్కియే బ్యూరోను ఆశ్రయిస్తాడు. తప్పెవరిది, పరిహారమెంత అన్నది తుర్కియే చట్టం తేలుస్తుంది. ఆ సొమ్ము చెల్లించాక, ఖర్చులు, నిర్వహణ రుసుము కలిపి జర్మన్ కంపెనీకి బిల్లు వెళుతుంది. కంపెనీ రెండు నెలల్లోగా కట్టాలి. చేతులెత్తేస్తే జర్మన్ బ్యూరో కడుతుంది. ఈ లావాదేవీలకు ప్రస్తుతం ఆధారమైన అంతర్గత నిబంధనలను 2002 మే 30న గ్రీసులోని క్రీట్ దీవిలో ఆమోదించారు.

దీన్నిబట్టి ఒకటి తెలుస్తుంది. కార్డు కాపాడేది దారిన పోయే స్కూటరు మనిషిని. కారు యజమాని జేబులో ఉంటుంది కాబట్టి అతని కోసమే అనిపిస్తుంది గానీ, అతని బంపరుకు, అద్దానికి, ఇంజనుకు ఈ కార్డుతో పైసా రాదు. సొంత బండి నష్టం పూర్తిగా పాలసీలోని షరతుల మీద ఆధారపడుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. జర్మన్ కంపెనీల ఫుల్ ఇన్సూరెన్స్ మామూలుగా భౌగోళిక యూరప్ హద్దుల దాకానే వర్తిస్తుంది. ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ వంతెన ఎక్కేటప్పుడు ఉన్న రక్షణ, విడిగా పొడిగించుకోకపోతే, ఆసియా ఒడ్డున దిగేసరికి ఉండదు. కార్డు మాత్రం రెండు ఒడ్డుల మీదా చెల్లుతుంది.

కార్డు చదవడం

కార్డు మీద బండి నంబరు, చెల్లుబాటు తేదీలు, పాలసీదారు పేరు, బండి తరగతి ఉంటాయి. తరగతికి ఒక్కో అక్షరం: కారుకు ఎ, మోటార్‌సైకిలుకు బి, లారీకి సి, బస్సుకు ఇ, ట్రెయిలరుకు ఎఫ్. చెల్లుబాటు కనీసం 15 రోజులు ఉండాలి. వీటన్నిటికంటే శ్రద్ధగా చూడవలసింది దేశాల గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో దేశం సంకేతాక్షరాలు ఉంటాయి. ఏ గడినైనా గీత పెట్టి కొట్టేసి ఉంటే ఆ దేశంలో కార్డు చెల్లదని అర్థం. పేరున్న దేశంలోనూ కొన్ని మినహాయింపులు ఉన్నాయి. సైప్రస్ గడి తెరిచి ఉన్నా, ఆ దేశ ప్రభుత్వ అధీనంలో లేని ఉత్తర భాగానికి అది పనికిరాదు. అక్కడికి వెళ్లాలంటే దాటే చోటే వేరే బీమా కొనాలి.

నంబరు ప్లేటే పత్రం

ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపమైన ఐరోపా సమాజం 1972 ఏప్రిల్ 24 నాటి ఆదేశంతో సభ్యదేశాల మధ్య సరిహద్దుల్లో బీమా తనిఖీని ఎత్తేసింది. సభ్యదేశపు నంబరు ప్లేటు ఉంటే చాలు, బీమా ఉన్నట్టే లెక్క. ఒకవేళ నిజంగా లేకపోయినా నష్టపోయినవాడికి ఆ ప్లేటు దేశపు బ్యూరో బాధ్యత వహిస్తుంది. కాగితం చేసే పనిని ప్లేటుకు అప్పగించడం చిన్న విషయం కాదు. సరిహద్దు దగ్గర బీమా కాగితం కోసం ఆగే పని దానితో తప్పింది.

యూనియన్‌లో ఇప్పుడు కనీస బీమా మొత్తాలు పెద్దవి. గాయాలు, మరణాలకు ఒక ప్రమాదానికి 64.5 లక్షల యూరోలు, లేదా ఒక్కో బాధితుడికి 13 లక్షల యూరోలు. ఆస్తినష్టానికి 13 లక్షల యూరోలు. మన కారు పాలసీలో ఎదుటివారి ఆస్తినష్టానికి మామూలు పరిమితి 7.5 లక్షల రూపాయలు. గాయాలు, మరణాల పరిహారానికి మాత్రం మన పాలసీలో గరిష్ఠ పరిమితి లేదు.

బ్రిటన్ యూనియన్ నుంచి విడిపోయాక 2021 జనవరి 1 నుంచి అక్కడి వాహనదారులు కార్డు వెంట పెట్టుకోవలసి వచ్చింది. కలే రేవులో దిగి పారిస్ వెళ్లే లండన్ తెలుగు కుటుంబాలూ వారిలో ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టు 2న ఆ అవసరం తీరిపోయింది.

ఈ వ్యవస్థలో లేని దేశం నుంచి, భారత్ నుంచి కూడా, సొంత కారుతో యూరప్ చేరేవారు సరిహద్దు బీమా కొనాలి. యూనియన్‌లోని ఒక దేశంలో కొన్నది మిగతా సభ్యదేశాల్లోనూ చెల్లుతుంది.

ఇతర రంగులు

ఈ పద్ధతి చూసి ఇతర ప్రాంతాలూ తమ రంగులు ఎంచుకున్నాయి. అరబ్ దేశాలు 1975లో ట్యూనిస్‌లో నారింజ కార్డుకు ఒప్పుకున్నాయి. దుబాయి నుంచి కారులో ఒమన్ వెళ్లే గల్ఫ్ తెలుగువారు ఎరిగినది ఇదే. పశ్చిమాఫ్రికాది 1982లో కొటోనూలో కుదిరిన గోధుమ కార్డు, తూర్పు, దక్షిణాఫ్రికా ప్రాంతాలది పసుపు కార్డు. అమెరికా కంపెనీలు కెనడా వెళ్లే కారుకు ఇచ్చేదీ పసుపు కార్డే, అయినా ఆఫ్రికా కార్డుకు దీనికి చుట్టరికం లేదు. మెక్సికోలో అమెరికా పాలసీకి గుర్తింపు లేదు. అక్కడి కంపెనీ పాలసీయే కొనాలి. ప్రమాదం జరిగితే బాధ్యత తేలేదాకా డ్రైవరును అదుపులో ఉంచే అధికారం అక్కడి పోలీసులకు ఉంది కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

భారతీయ వాహనాలు

మన పాలసీలో వర్తించే ప్రాంతం అన్నచోట భారత్ అని ఉంటుంది. దాన్ని బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకు పొడిగించుకునే ఎండార్స్‌మెంటు ఒకటుంది. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ దీనికి 12 నెలలకు మించకుండా ప్యాకేజీ పాలసీ మీద 500 రూపాయలు, థర్డ్ పార్టీ పాలసీ మీద 100 రూపాయలు నిర్ణయించింది. 2007లో సొంత నష్టం ప్రీమియం మీద నియంత్రణ సడలినా, ఎండార్స్‌మెంటు మాటలు ఆ టారిఫ్‌వే. గోరఖ్‌పూర్ దాటి సునౌలీ మీదుగా పశుపతినాథుడి దర్శనానికి వెళ్లేవారు సరిహద్దులో కట్టే భన్సార్ దీనికి బదులు కాదు. అది బండి ప్రవేశానికి కస్టమ్స్ అనుమతి మాత్రమే.

కార్నే అనే పత్రాన్నీ చాలామంది బీమా అనుకుంటారు. బండిని తీసుకెళ్లిన దేశంలోనే అమ్ముకోకుండా తిరిగి తెస్తామని కస్టమ్స్ సుంకానికి ఇచ్చే పూచీ అది. దాన్ని చూసి ఏ దేశంలోనూ క్లెయిము చెల్లించరు.

ముందు చెప్పిన పొడిగింపు ఎండార్స్‌మెంటులో ఒక హద్దు కూడా రాసి ఉంది. శ్రీలంకకో మాల్దీవులకో కారును ఓడ మీద చేరవేస్తే, ఆ సముద్ర ప్రయాణంలో జరిగే నష్టం ఈ ఎండార్స్‌మెంటు కిందికి రాదు. విమానంలో పంపినా అంతే.