రద్దీ వేళ కొలత: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలను కలిపిన స్విచ్‌ల చరిత్ర

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకూ, భీవండి మరమగ్గాలకూ వలసలు పెరిగినకొద్దీ టెలిఫోన్ అక్కడి కుటుంబాలకు నిత్యావసరమైంది. ఎన్ని ఇళ్లలో ఫోను ఉన్నా, ఒకే సమయంలో ఊరు దాటి ఎన్ని కాల్స్ పోగలవన్నదే ఆ సౌకర్యానికి అసలు కొలత.

ఆపరేటర్ చేత్తో కలిపే ఎక్స్ఛేంజీలలో ఈ హద్దు కంటికి కనిపించేది. రెండు ఎక్స్ఛేంజీలను కలిపే తీగను ట్రంక్ లైను అంటారు. ఆ లైన్లన్నీ నిండితే కాల్ బుక్ చేసుకున్నవారు వంతు కోసం కాచుకోవాల్సిందే, తొందరున్నవారు రెట్టింపు రుసుముతో అర్జెంటు కాల్ పెట్టుకోవాల్సిందే. ఎన్ని లైన్లుంటే ఎన్ని కాల్స్ విఫలమవుతాయో లెక్కగట్టే సూత్రాన్ని డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లోనే ప్రకటించాడు.

1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్, ఎండనూ దుమ్మునూ తట్టుకుని ఏసీ లేకుండానే పనిచేసే గ్రామీణ ఎక్స్ఛేంజీని రూపొందించగా, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పని మొదలుపెట్టింది. దానికున్న 128 పోర్టులను, అంటే తీగలు తగిలించే చోట్లను, చందాదారులూ ట్రంకులూ పంచుకోవాలి కనుక, బయటి దారి పెంచితే ఊళ్లో కనెక్షన్లు తగ్గేవి. డిజిటల్ ట్రంకు ఒక్కోటి 32 కాలఖండాలుగా విడిపోగా, వాటిలో 30 మాత్రమే మాటలకు దక్కేవి. 31వ కాల్‌కు చోటుండేది కాదు. రాత్రి 11 దాటాక, దూరపు ఊళ్లకు నేరుగా డయల్ చేసే ఎస్‌టీడీ కాల్స్ రేటు పావువంతుకు తగ్గే రోజుల్లో, మీటరుపై పరుగెత్తే ఎర్రటి అంకెలకు జంకే పేద కుటుంబాలు ఆ వేళకే ఎస్‌టీడీ బూత్‌ల ముందు చేరేవి కాబట్టి, రద్దీ కూడా చవక రేటు వేళకే పేరుకునేది.

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభమయ్యాక ఈ హద్దు తీగను వదిలి అంకెల్లోకి మారింది. ఒకే తీగపై అంకెలతో వేరుపరచిన దారిని వర్చువల్ కనెక్షన్ అంటారు. ఆ సంస్థ మోడెంలో సాధారణంగా నింపే 0, 35 అనే రెండు సంఖ్యలు అలాంటి దారి చిరునామాయే. రెండో సంఖ్యకు 16 బిట్ల చోటుండడంతో 65,536 విలువలు సాధ్యమైనా, దారులను కలిపే యంత్రమైన స్విచ్ తన జ్ఞాపకశక్తిలోని పట్టికలో ప్రతి దారినీ నమోదు చేసుకోవాలి కనుక, ఆ పట్టిక నిండిన చోటే అసలు హద్దు పడుతుంది.

తీగ నుంచి పట్టికకు మారినా హద్దు తొలగిపోలేదు గనుక, ఏ స్విచ్ సామర్థ్యాన్నైనా సగటు వాడకంతో కాక రద్దీ వేళతో కొలవడమే న్యాయం. చవక వేళ కోసం ఆగక తప్పని కుటుంబాలకు దారి దొరికేదీ, దొరకనిదీ ఆ వేళలోనే తేలేది.