అంబాసిడర్ డోర్ ప్యాడ్ వెనకాల ఏముంది?

పాత కార్లు బాగుచేయించుకునే సరదా మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఈమధ్య బాగా ముదిరింది. ఊళ్ళో తాతగారి అంబాసిడరో, మేనమామ ఫియట్టో టార్పాలిన్ కప్పుకుని పడుంటుంది. సెలవుల్లో వెళ్ళినప్పుడు దాన్ని చూసి మనసు పారేసుకుంటాం. ఇక మొదలు: ఇంజను గురించి గంట, పెయింటు గురించి రెండు గంటలు చర్చ. తలుపుకి లోపలివైపు ఉండే అట్ట గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మెకానిక్కులు దాన్ని డోర్ ప్యాడ్ అంటారు. "దానిదేముందండీ, రెక్సిన్ మేస్త్రికి పడేస్తే సాయంత్రానికి కొత్తది కుట్టిచ్చేస్తాడు" అని తేల్చేస్తారు.

నా గొడవంతా ఆ అట్ట గురించే. గుంటూరు, ప్రకాశం మెట్టల్లో తిరిగిన కారు తన చరిత్రని దాచుకునేది అక్కడే అని నా నమ్మకం. ఇంజను మారుతుంది, రంగు మారుతుంది, పాతదాని ఆనవాలుండదు. డోర్ ప్యాడ్ మీద మాత్రం పాతదాన్ని పీకకుండా దాని మీదే కొత్తది అంటించిన సందర్భాలే ఎక్కువ. అంటే వెర్షన్ కంట్రోల్ లేని రోజుల్లో దానంతటదే ఏర్పడ్డ వెర్షన్ కంట్రోల్ అన్నమాట :)

ముందు ఆ అట్ట పుట్టుక సంగతి చూద్దాం. లోపల ఉండేది హార్డ్‌బోర్డు. 1924లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు లారెల్ అనే ఊళ్ళో విలియం మేసన్ అనే ఆయన రంపపు మిల్లు దగ్గర వృథాగా పోయే చెక్కపేళ్ళని ఆవిరితో పీచుగా విడగొట్టి, వేడి మీద నొక్కి పలకలు చేశాడు. తేలిక, చవక, ఎలా కావాలంటే అలా కోసుకోవచ్చు. కార్ల కంపెనీలకి ఇంకేం కావాలి?

దాని పైన తొడుగు రెక్సిన్. మనం ఇది తెలుగు మాటేమో అన్నంత చనువుగా వాడేస్తాం గానీ, రెక్సిన్ అన్నది ఒక ఇంగ్లీషు కంపెనీ పేరు. మాంచెస్టర్ పక్కన హైడ్ అనే ఊళ్ళో ఉండేది. వాళ్ళు చేసిందేమిటంటే, గుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేట్, కర్పూరతైలం, ఆల్కహాలు, రంగు కలిపిన పూత పూసి, తోలు మీదుండే గీతలు అచ్చొత్తడం. ఆ సెల్యులోజ్ నైట్రేట్ ఎలా వస్తుంది? పత్తిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో నానబెడితే వస్తుంది. 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త పుణ్యం. అదే పదార్థం నైట్రేట్ శాతం పెరిగితే తుపాకీ మందు, తగ్గితే సినిమా రీలు, గుడ్డకి పూస్తే రెక్సిన్! పైనున్న పూత పత్తే, కిందున్న గుడ్డా పత్తే. మోరిస్ కంపెనీ తన కార్ల లోపల వాడింది ఈ రెక్సిన్‌నే.

మోరిస్ అనగానే మీకు వెలిగే ఉంటుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ డిజైన్నే హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు తెచ్చుకుని కలకత్తా దగ్గర ఉత్తరపారలో అంబాసిడర్ పేరుతో కట్టడం మొదలెట్టారు. 1950ల చివర మొదలై 2014 మేలో ఆగిపోయింది. మార్క్ టూ, త్రీ, ఫోర్, నోవా అంటూ పేర్లు మారాయి గానీ, తలుపు రేకు ఆకారం పెద్దగా మారలేదు. ఈ లోపల రెక్సిన్ కూడా మారిపోయింది. పత్తి పూత పోయి పీవీసీ పూత వచ్చింది, పేరు మాత్రం మిగిలింది.

ఇక మన మెట్టల్లోకి వద్దాం. నల్లరేగడి నేల, పత్తి పాతకాపు. ఇక్కడ పండే గోధుమ ఛాయ పత్తి కాకినాడ రేవు మీదుగా పోయేది కాబట్టి బ్రిటిషు వాళ్ళ వర్తకంలో దాని పేరు కోకనాడ పత్తి. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళొదిలారు. 1970ల్లో హెచ్-4, వరలక్ష్మి లాంటి సంకర రకాలొచ్చాయి. గుంటూరు యార్డులో మిర్చి, చిలకలూరిపేటలో పత్తి, ఒంగోలు వైపు పొగాకు. ఈ మూడింటి మీద నాలుగు డబ్బులు చూసిన ఇళ్ళ ముందుకి అంబాసిడర్ వచ్చింది. జిన్నింగు మిల్లు వాళ్ళు, కమీషన్ కొట్ల వాళ్ళు, కాస్త పెద్ద రైతులు. తర్వాత 1980ల మధ్యలో తెల్లదోమ పడింది. 1987-88 నాటికి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతా చదివింది. పత్తి కలిసొచ్చి కారు కొన్నవాళ్ళూ ఉన్నారు, పత్తి ముంచేసి అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. అమ్ముకున్న కార్లు టాక్సీలయ్యాయి.

ఈ కథంతా తలుపులోకి ఎలా చేరిందంటారా? వస్తున్నా.

అంబాసిడర్ తలుపు మీద వాన పడితే అద్దం పక్క సందులోంచి నీళ్ళు లోపలికే దిగుతాయి. అది లోపం కాదు, డిజైనే అంత. కింద చిన్న బెజ్జాలుంటాయి, వాటిలోంచి కారిపోవాలి. మన రేగడి దుమ్ము వాటిల్లో చేరి, తడిసి, ఎండి సిమెంటులా బిగుస్తుంది. ఇక నీళ్ళు తలుపులోనే నిలుస్తాయి. హార్డ్‌బోర్డు అడుగు అంచు నుంచి తడి పీల్చి అప్పడంలా ఉబ్బుతుంది. క్లిప్పులు ఊడొస్తాయి. పైన ఎండ సంగతి చెప్పక్కర్లేదు, రెంటచింతల ఉన్న ప్రాంతం కదా మనది! ఆ వేడికి పీవీసీని మెత్తగా ఉంచే నూనెలు ఆవిరైపోయి రెక్సిన్ పెళుసుబారి చీలుతుంది. కంపెనీ ప్యాడ్ మన దగ్గర ఎక్కువకాలం నిలిచేది కాదు.

అప్పుడు పని రెక్సిన్ మేస్త్రికి వచ్చేది. ఆయన దగ్గర ఉత్తరపార నమూనాలేమీ ఉండవు. ఉబ్బిన పాత అట్టనే కొత్త దాని మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకునేవాడు. హార్డ్‌బోర్డు దొరక్కపోతే ప్లైవుడ్. సన్నటి స్పాంజి పరిచి డైమండ్ కుట్టు, చుట్టూ బీడింగు. ఓనరు షోకు మనిషైతే వరసగా ఇత్తడి మేకులు. టేప్‌రికార్డర్లొచ్చాక తలుపుకొక స్పీకరు బెజ్జం.

ఒకసారి ఓ మార్క్ త్రీ తలుపు విప్పుతుంటే పక్కనే కూర్చుని చూశాను. పైన టాక్సీ కాలపు నల్ల రెక్సిన్, దాని కింద మెరూన్ డైమండ్ కుట్టు, దాని కింద లేత బూడిదరంగు ముక్క, అది కంపెనీది. అట్ట వెనక పెన్సిల్ గీతలు, "ఎడమ ముందు" అని తెలుగులో. ఆ తలుపడుగున పోగైన దుమ్ము ఎర్రగా ఉంది. మేస్త్రి రెండు తుమ్ములు తుమ్మి "యార్డు బండి సార్" అన్నాడు! మెరూన్ మీదకి నల్లది ఎక్కిన రోజే ఆ కారు ఓ ఇంటి నుంచి బయటికెళ్ళిన రోజు. ఏ ఆర్సీ పుస్తకంలోనూ ఆ సంగతి అంత సూటిగా కనపడదు.

ఇప్పుడు బాగుచేసే మనం ఏ వెర్షన్‌కి తీసుకెళ్ళాలి? కంపెనీ బూడిదరంగుకా, మెరూన్‌కా? ఒరిజినల్, ఒరిజినల్ అని జపం చేసేవాళ్ళు మొదటిదే అంటారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు (50 ఏళ్ళు దాటిన బండ్లకి వీఏ అక్షరాలతో నంబరు, 20,000 రూపాయల రుసుము) కూడా అసలు రూపం ఉండాలనే అంటాయి. కానీ వాటిలో ఉన్నది ఛాసిస్, బాడీ, ఇంజను సంగతి. డోర్ ప్యాడ్ జోలికి రాలేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ అయితే, వాడకంలో వచ్చిన మార్పులూ వాహనం చరిత్రలో భాగమేనంటుంది. నా ఓటు దానికే. ఉత్తరపార ప్యాడ్‌ని మళ్ళీ చేయించుకుంటే మీ కారు దేశంలో ఉన్న అన్ని అంబాసిడర్లలాగే ఉంటుంది. మెరూన్ డైమండ్ కుట్టు ఉంటే గుంటూరు కారులా ఉంటుంది.

చేయించేవాళ్ళకి నాలుగు మాటలు. హ్యాండిళ్ళు బలంగా లాగకండి. ఆ కాలపు బ్రిటిష్ డిజైన్లలో హ్యాండిల్ వెనక బిళ్ళని లోపలికి నొక్కితే సన్నటి పిన్ను కనపడుతుంది, దాన్ని తట్టి తియ్యాలి. ప్యాడ్ విప్పాక ముందు వెనకవైపు ఫోటో తియ్యండి. ఏ పొర కింద ఏదుందో రాసుకోండి, ప్రతి రెక్సిన్‌లోంచీ అరచెయ్యంత ముక్క దాచండి. తలుపడుగు బెజ్జాలు ఇనప తీగతో పొడిచి శుభ్రం చెయ్యకుండా కొత్త ప్యాడ్ ఎక్కిస్తే రెండు వానాకాలాల్లో మళ్ళీ మొదటికే. కొత్త అట్ట అంచులకి వార్నిష్ రెండు చేతులు, రేకుకీ అట్టకీ మధ్య పాలిథీన్ షీటు. పాత అట్టని మాత్రం పారెయ్యొద్దు, అది ఇంకొకరి కారుకి కొలత.

అసలు చిక్కు మనుషులతో. 1983లో మారుతి వచ్చి, ఆ తర్వాత తలుపు లోపలంతా ప్లాస్టిక్ అచ్చు అయిపోయాక ఈ పనితో బతకడం కష్టమైపోయింది. రెక్సిన్ మేస్త్రుల్లో చాలామంది రెడీమేడ్ సీటు కవర్లు తొడిగే పనిలోకి పోయారు. డైమండ్ కుట్టు చేత్తో గీసి కుట్టగలిగినవాళ్ళకి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు వైపు అలాంటివాళ్ళెవరైనా మీకు తెలిస్తే, ఏ ఊళ్ళో ఏ సందులోనో ఓ ముక్క చెప్పండి. మా బాబాయి గారి మార్క్ ఫోర్‌కి నాలుగు తలుపులున్నాయి, పాత అట్టలు జాగ్రత్తగా అటక మీద ఉన్నాయి.