క్యాన్సర్ మందులు మారుతున్నాయి, మా చదువూ మారుతోంది

డిసెంబర్ వచ్చిందంటే హెర్న్‌డన్ చుట్టుపక్కల తెలుగు ఫార్మసిస్టులం ఎక్కడ కలిసినా ఒకటే ప్రశ్న: "గంటలు పూర్తయ్యాయా?" వర్జీనియాలో మా లైసెన్సు గడువు డిసెంబర్ 31. ఏడాదికి 15 గంటల నిరంతర విద్య, మా వాడుకలో 'సీఈ', ఆ లోపు పూర్తి చేయాలి. డాక్టర్లకైతే రెండేళ్లకు 60 గంటలు. మా పాఠాలకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఏసీపీఈ. చదివిన గంటలు 'సీపీఈ మానిటర్' ఖాతాలో చేరతాయి.

దాపరికం ఎందుకు, చాలామందిమి చివరి వారంలో ఆన్‌లైన్‌లో కూర్చుని కానిచ్చేస్తాం. క్యాన్సర్ మందుల దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకవు.

విరేచనాల సంగతే తీసుకోండి. పాత తరహా కీమోథెరపీతో విరేచనాలైతే లోపెరమైడ్ ఇవ్వడం మాకు అలవాటు. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, అంటే కీట్రూడా, వచ్చాక లెక్క మారింది. ఇవి క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపవు. మన రోగనిరోధక శక్తికి ఉన్న బ్రేకు తీసేస్తాయి. బ్రేకు తీశాక ఆ శక్తి ఒక్కోసారి సొంత పేగు మీదికే వెళ్తుంది. అప్పుడు కావలసింది ఆంకాలజిస్టుకు వెంటనే ఫోను, చాలాసార్లు స్టెరాయిడ్లు. లోపెరమైడ్ ఇచ్చి పంపితే లక్షణం అణిగి, వైద్యం ఆలస్యమవుతుంది. ముదిరితే పేగుకు రంధ్రం పడే ప్రమాదం కూడా ఉంది. చివరి డోసు తర్వాత నెలలు గడిచాక కూడా ఇది రావచ్చు. కౌంటర్ దగ్గరికి వచ్చిన పెద్దాయన "ట్రీట్‌మెంట్ ఎప్పుడో అయిపోయిందమ్మా" అంటారు. అందుకే ఇప్పుడు నేను "ఏ మందు, ఆఖరిసారి ఎప్పుడు?" అని అడగకుండా లోపెరమైడ్ డబ్బా చేతికివ్వను.

ఇంట్లో వేసుకునే బిళ్లలది ఇంకో తంటా. 2001లో ఇమాటినిబ్‌కు అనుమతి వచ్చాక ఇలాంటివి వరసగా వచ్చాయి. డాసాటినిబ్, ఎర్లోటినిబ్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఒమెప్రజోల్, పాంటప్రజోల్ లాంటి 'గ్యాస్ బిళ్లలు' ఆ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. కేపెసిటబిన్‌తో పాటు వార్ఫరిన్ వాడుతుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కొన్ని బిళ్లలకు గ్రేప్‌ఫ్రూట్ కూడా పడదు. ఇక్కడ కొన్న మందులైతే మా కంప్యూటరే హెచ్చరిస్తుంది. విజయవాడ నుంచి సూట్‌కేసులో వచ్చిన స్ట్రిప్పుల సంగతి దానికెలా తెలుస్తుంది? అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని ఫార్మసీకి తీసుకురండి. బ్రాండు పేరు మాకు తెలియకపోయినా, స్ట్రిప్పు మీద ఉన్న అసలు మందు పేరు చాలు. విటమిన్లు, ఆయుర్వేదం, పసుపు క్యాప్సూల్స్ కూడా అందులో వేయండి.

కొత్త మందులకే చదువు అనుకోకండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన నుంచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే. మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు కీళ్లవాతానికీ వాడతారు, అదీ వారానికి ఒక్కసారి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. ఇన్నేళ్ల మందు గురించి ఇప్పటికీ మా పాఠాల్లో హెచ్చరిక ఉంటుంది. మీ పెద్దవాళ్లు వాడుతుంటే ఏ వారం, ఏ రోజో క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా. క్యాన్సర్ మందుల ప్రత్యేక అర్హత బీసీఓపీ. దాన్ని ఏడేళ్లకోసారి నిలుపుకోవాలి. ఈ ఫార్మసిస్టుల సంఘం హోపా 2004లో మొదలైంది. క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో కార్యాలయం మన పక్కనే, అలెగ్జాండ్రియాలో ఉంది. దాని వార్షిక సభ మాత్రం షికాగోలో జరుగుతుంది.

ఇండియాలో 2015 నిబంధనల ప్రకారం ఫార్మసిస్టు అయిదేళ్లలో కనీసం రెండు ఒకరోజు శిక్షణలకు హాజరవ్వాలి. డాక్టర్లకు అయిదేళ్లకు 30 గంటలు. నా లెక్కలో ఇది తక్కువే. అక్కడ వైద్యం చేయించుకుంటున్న మనవాళ్లకు ఫోను చేసినప్పుడు, "విరేచనాలైతే, దద్దురు వస్తే, ఊపిరి అందకపోతే అర్ధరాత్రి ఎవరికి ఫోను చేయాలి?" అని ఆసుపత్రిలో అడిగి, ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించమనండి.